లారీలో రాత్రి నిద్ర

మన ఇంట్లో ఉప్పు ఉంది. ఉల్లిపాయలు ఉన్నాయి. సబ్బు ఉంది. అగ్గిపెట్టె ఉంది. ఇవన్నీ మన ఊళ్ళో తయారైనవి కావు. ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. ఎట్లా వచ్చాయి? చాలావరకు లారీ ఎక్కి వచ్చాయి.

మన పంటలు కూడా అంతే. కర్నూలు ఉల్లిపాయలు, మదనపల్లె టమాటాలు, భీమవరం చేపలు, గుంటూరు మిరపకాయలు లారీల మీదే ఊళ్ళు దాటిపోతాయి. మనం నిద్రపోయే వేళ లారీ నడుస్తూ ఉంటుంది.

మరి ఆ లారీ నడిపే మనిషి ఎప్పుడు నిద్రపోతాడు? ఎక్కడ నిద్రపోతాడు? ఆ నిద్రలో అతనికి వచ్చే ప్రమాదాలు ఏమిటి? వాటి నుంచి ఎట్లా కాపాడుకోవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన ఊళ్ళల్లో ఎందరో ఆడవాళ్ళ భర్తలు, కొడుకులు, అన్నదమ్ములు లారీల మీద పని చేస్తున్నారు. కొందరు డ్రైవర్లు. కొందరు క్లీనర్లు. అందుకని ఇది లారీ ఎక్కే మగవాళ్ళు మాత్రమే తెలుసుకోవలసిన సంగతి కాదు. ఇంట్లో ఉండే ఆడవాళ్ళూ తెలుసుకోవాలి.

1. దూరం ఎంత? రాత్రులు ఎన్ని?

గుంటూరు దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒకామెను అందరూ చిన్నక్క అని పిలుస్తారు. చిన్నక్క భర్త లారీ డ్రైవరు. మిర్చి బస్తాలు వేసుకుని గుంటూరు నుంచి కలకత్తా వెళుతుంటాడు.

చిన్నక్క ఏడాది కిందట చదువు మొదలుపెట్టింది. ఇప్పుడు అంకెలు బాగా చదువుతుంది. ఒక రోజు ఆమె లెక్క వేసింది. గుంటూరు నుంచి కలకత్తా సుమారు 1,200 కిలోమీటర్లు. బరువు లారీ రోజుకు మూడు, నాలుగు వందల కిలోమీటర్లు నడుస్తుంది. అంటే పోవడానికే మూడు, నాలుగు రోజులు. రావడానికి మళ్ళీ అన్ని రోజులు. సరుకు దింపడానికి, మళ్ళీ లోడు దొరకడానికి ఇంకా కొన్ని రోజులు.

విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, విశాఖపట్నం, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం. ఆ పైన ఒరిస్సా. ఆ పైన బెంగాలు. ఈ రోడ్డును 16వ నంబరు జాతీయ రహదారి అంటారు. మన ఆంధ్రలో పూర్వం దీని నంబరు 5. ఇది కలకత్తా నుంచి మద్రాసు దాకా సుమారు 1,700 కిలోమీటర్లు ఉంటుంది.

ఇన్ని రాత్రులూ చిన్నక్క భర్తకు లారీయే ఇల్లు. సీట్ల వెనక ఒక బల్ల ఉంటుంది. అదే మంచం. లాడ్జిలో దిగితే డబ్బు ఖర్చు. అదీ కాక లారీని వదిలి పోతే సరుకుకు కాపలా ఎవరు? డీజిలుకు కాపలా ఎవరు? అందుకే డ్రైవర్లు లారీలోనే పడుకుంటారు.

2. చిన్నక్క చెప్పిన మాట

పక్క ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు. చూపు తగ్గాక మానేశాడు. చిన్నక్క ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

ఒక సాయంత్రం చిన్నక్క సంతోషంగా చెప్పింది.

"బాబాయ్! రాత్రి మీ అల్లుడు ఫోను చేశాడు. కేబిన్‌లో ఉక్కగా ఉందంట. లారీ కింద గోనెపట్టా వేసుకుని హాయిగా పడుకున్నాడంట. గాలి బాగా వచ్చిందంట."

బాబాయ్ ముఖం మారిపోయింది. కాసేపు మాట్లాడలేదు.

"అమ్మాయ్! లారీ కింద పడుకున్నాడా? ఆ మాట విని నువ్వు సంతోషపడుతున్నావా?"

"ఏం బాబాయ్? తప్పా?"

"తప్పు కాదమ్మా, ప్రాణగండం. నా దగ్గర ఒక పిల్లాడు క్లీనరుగా ఉండేవాడు. పద్దెనిమిదేళ్ళు. ధాబా దగ్గర నేను అన్నం తింటున్నా. వాడు పక్క లారీ నీడన, చక్రాల మధ్య పడుకున్నాడు. ఆ లారీ డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. వచ్చాడు, ఎక్కాడు, లారీ తీశాడు. అంతే. వాళ్ళమ్మకు చెప్పడానికి నేనే పోయాను. ఆ తల్లి నన్ను ఒకే మాట అడిగింది. 'కింద పడుకోవద్దని మా వాడికి ఎవరూ చెప్పలేదా నాయనా?' అంది. నేను చెప్పలేదమ్మా. నాకు తెలిసీ చెప్పలేదు."

చిన్నక్క చేతులు వణికాయి. వెంటనే ఫోను తీసింది.

"ఆగు. ఇప్పుడు లారీ నడుపుతుంటాడు. నడిపేవాడికి ఫోను చేయకూడదు. ఆపాక వాడే చేస్తాడు. ఈలోగా నీకు అన్నీ చెబుతాను. నువ్వు రాసుకో. నీకిప్పుడు చదువొచ్చుగా!"

చిన్నక్క నోటుపుస్తకం తెచ్చుకుంది. బాబాయ్ చెప్పిన సంగతులు ఇవి.

3. లారీ కింద ఎందుకు పడుకోకూడదు?

ఎండాకాలంలో కేబిన్ కుంపటిలా ఉంటుంది. రేకు వేడెక్కుతుంది. ఇంజను వేడి పైకి తన్నుతుంది. లారీ కింద నీడ ఉంటుంది. అందుకే చాలామంది కింద పడుకుంటారు. కానీ ఇందులో ప్రమాదాలు ఉన్నాయి.

ఒకటి. కింద మనిషి ఉన్నాడని పైవాళ్ళకు తెలియదు. ఎవరైనా లారీ తీస్తే చక్రాల కింద పడతారు.

రెండు. బ్రేకు సరిగా పట్టకపోతే వాలులో లారీ దానంతట అదే కదులుతుంది.

మూడు. వెనక నుంచి ఇంకో బండి గుద్దితే నిలిచి ఉన్న లారీ ముందుకు జరుగుతుంది.

నాలుగు. నేల మీద పాములు, తేళ్ళు తిరుగుతాయి.

లారీ ముందు, లారీ వెనక నేల మీద పడుకోవడం కూడా ఇంతే ప్రమాదం. ధాబా ఆవరణలో లారీలు రాత్రంతా వెనక్కీ ముందుకీ తిరుగుతూనే ఉంటాయి. బస్తాల పైన, పట్టా మీద పడుకునేవారు నిద్రలో దొర్లి కింద పడతారు. లారీ మీద నుంచి పడితే నడుము విరుగుతుంది. తల పగులుతుంది.

బయట పడుకోవాలంటే ధాబా వాళ్ళు వేసే నులక మంచం మేలు. అదీ బండ్లు తిరిగే చోటికి దూరంగా, అరుగు మీద వేసుకోవాలి.

లారీ తీసే డ్రైవరుకు కూడా ఒక నియమం ఉంది. ఎక్కే ముందు లారీ చుట్టూ ఒకసారి తిరగాలి. వంగి కింద చూడాలి. రాత్రయితే టార్చిలైటు వేసి చూడాలి. తర్వాత ఎక్కి హారన్ కొట్టాలి. ఒక నిమిషం ఆగి అప్పుడు కదలాలి. ఆ ఒక్క నిమిషం ఒక తల్లికి కొడుకును మిగులుస్తుంది.

4. నిద్ర ముంచుకొస్తే ఏం చేయాలి?

చిన్నక్క అడిగింది. "బాబాయ్! నిద్ర వస్తే టీ తాగి నడపొచ్చుగా?"

"టీ అప్పు లాంటిదమ్మా. నిద్రను కాసేపు వాయిదా వేస్తుంది. తీర్చదు. నిద్రకు మందు నిద్రే."

మన ఒంట్లో ఒక గడియారం ఉంది. రాత్రి రెండు గంటల నుంచి తెల్లవారుజామున అయిదు గంటల దాకా అది మనిషిని గట్టిగా నిద్రలోకి లాగుతుంది. పగలు నిద్రపోయినవారికి కూడా ఆ వేళలో కన్ను మూతపడుతుంది.

లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది అనుకోండి. అంటే ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు రెప్ప నాలుగు సెకన్లు పడితే లారీ 66 మీటర్లకు పైగా గుడ్డిగా పోయినట్లే. ఆ దూరంలో ఒక సైకిలు ఉండవచ్చు. ఒక ఆటో ఉండవచ్చు. నిలబడి ఉన్న ఒక బస్సు ఉండవచ్చు.

నిద్ర వస్తోందని ఈ గుర్తులు చెబుతాయి. ఆవలింతలు ఆగవు. కళ్ళు మండుతాయి. తల ముందుకు వాలుతుంది. దాటి వచ్చిన ఊరు గుర్తుండదు. లారీ గీత దాటి పక్కకు పోతుంది.

ఈ గుర్తులు కనిపిస్తే మంచి చోటు చూసి ఆపాలి. అద్దాలు దించుకోవడం, పాటలు పెట్టుకోవడం నిద్రను ఆపవు. జాతీయ రహదారుల మీద కొన్ని చోట్ల పోలీసులు అర్ధరాత్రి లారీలు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగిస్తారు. అది మంచి పనే. కానీ నీళ్ళ చలువ కాసేపే ఉంటుంది. ఇరవై నిమిషాలు కునుకు తీస్తే కొంత తేరుకుంటారు. ఆ రాత్రికి పూర్తిగా పడుకుంటే ఇంకా మంచిది. మనిషికి రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర కావాలి.

మందు తాగితే బాగా నిద్ర పడుతుందని కొందరు అనుకుంటారు. అది నిద్ర కాదు, మత్తు. పొద్దున లేచాక కూడా ఆ మత్తు దిగదు. అలసట తీరదు. మత్తులో ఉన్నవాడికి దొంగ వచ్చినా తెలియదు, పొగ వచ్చినా తెలియదు.

5. లారీ ఎక్కడ ఆపాలి?

రోడ్డు పక్కన ఎక్కడ పడితే అక్కడ ఆపకూడదు. చీకట్లో ఆగి ఉన్న లారీ వెనక వచ్చే బండికి కనపడదు. దగ్గరికి వచ్చాక కనిపించినా బ్రేకు పట్టదు. ఆగిన లారీని వెనక నుంచి గుద్దుకుని చనిపోయినవారు ఎందరో ఉన్నారు. లోపల పడుకున్నవారికీ దెబ్బలు తగులుతాయి.

మంచి చోట్లు ఇవి:

పెట్రోలు బంకు ఆవరణ. లైట్లు ఉంటాయి. మనుషులు ఉంటారు.

నాలుగు లారీలు ఆగే పెద్ద ధాబా.

టోల్‌గేటు దగ్గర లారీల కోసం విడిగా వదిలిన చోటు.

ఊళ్ళల్లో లారీల స్టాండు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లారీవాళ్ళు ఒకరికొకరు తెలిసి ఉంటారు.

కొన్ని పెట్రోలు బంకుల్లో 'అప్నా ఘర్' అనే బోర్డు ఉంటుంది. అప్నా ఘర్ అంటే హిందీలో 'మన ఇల్లు' అని అర్థం. అక్కడ డ్రైవర్లకు మంచాలు ఉంటాయి. స్నానానికి, వంటకు చోటు ఉంటుంది. లారీ పెట్టుకునే స్థలం ఉంటుంది.

ఈ చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో బయల్దేరే ముందే అనుకోవాలి. నిద్ర ముంచుకొచ్చాక వెతికితే దొరకవు. "ఈ రాత్రి తుని దాటాక ఫలానా బంకులో ఆపుతాను" అని ముందే తెలిసి ఉండాలి.

ఆపకూడని చోట్లు కూడా ఉన్నాయి. మలుపు దగ్గర ఆపకూడదు. వంతెన మీద ఆపకూడదు. కరెంటు తీగల కింద ఆపకూడదు. వాగు ఒడ్డున, ఇసుకలో ఆపకూడదు. వానాకాలంలో ఎగువన కురిసిన వాన అర్ధరాత్రి వరదై వస్తుంది.

6. ఆపిన తర్వాత చేసే పనులు

లారీ ముఖం బయటికి వెళ్ళే దారి వైపు ఉండాలి. ఏదైనా జరిగితే వెనక్కి తీయకుండా నేరుగా వెళ్ళిపోవచ్చు.

హ్యాండ్ బ్రేకు వేయాలి. ఇంజను ఆపాలి. గేరులో ఉంచాలి. చక్రాల కింద చెక్క దిమ్మ గానీ రాయి గానీ పెట్టాలి.

దారిలో లారీ చెడిపోయి రోడ్డు పక్కనే ఆగవలసి వస్తే పార్కింగు లైట్లు వేయాలి. మెరిసే ఎర్ర త్రికోణం బోర్డును వెనక దూరంగా పెట్టాలి. లారీ వెనక అంటించిన మెరిసే పట్టీలు దుమ్ము పట్టి ఉంటే తుడవాలి. అలాంటప్పుడు కేబిన్‌లో పడుకోకూడదు. రోడ్డుకు దూరంగా వచ్చి నిలబడి సాయం కోసం ఫోను చేయాలి.

కొందరు లారీ వెనక రోడ్డు మీద పెద్ద రాళ్ళు పెడతారు. చెట్టు కొమ్మలు పెడతారు. వెళ్ళేటప్పుడు వాటిని అక్కడే వదిలేస్తారు. ఆ రాయి తగిలి ఆ రాత్రే ఎవరో మోటారు సైకిలు మీద నుంచి పడతారు. మనల్ని కాపాడిన రాయి ఇంకొకరి ప్రాణం తీయకూడదు. రాళ్ళు పెట్టే అలవాటు మానాలి. పెట్టి ఉంటే తీసేసి వెళ్ళాలి.

7. కనిపించని విషగాలి

బాబాయ్ గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మాయ్! దొంగ వస్తే చప్పుడవుతుంది. పాము వస్తే కనబడుతుంది. ఒకటి మాత్రం చప్పుడు చేయదు, కనపడదు. అది పొగలో ఉండే విషగాలి."

బొగ్గు, కట్టె, కిరోసిను, గ్యాసు, డీజిలు. ఏది మండినా, గాలి సరిగా ఆడని చోట ఒక విషగాలి పుడుతుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు. వాసన లేదు. పొగ కనపడకపోయినా ఇది ఉండవచ్చు.

మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువును రక్తం ఒళ్ళంతా మోస్తుంది. ఈ విషగాలి లోపలికి పోతే రక్తంలో ప్రాణవాయువు కూర్చునే చోట అది కూర్చుంటుంది. లేవమన్నా లేవదు. అప్పుడు మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందదు. ముందు తలనొప్పి వస్తుంది. కళ్ళు తిరుగుతాయి. వాంతి వచ్చినట్లు ఉంటుంది. మెలకువగా ఉన్నవాళ్ళు బయటికి పరుగెత్తగలరు. నిద్రలో ఉన్నవాళ్ళు ఇంక లేవరు.

లారీలో ఇది ఎప్పుడు వస్తుంది?

చలికాలంలో ఉత్తరాదికి పోయినప్పుడు కొందరు కేబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకుంటారు. తలుపులు బిగించుకుని పడుకుంటారు. వానలో కొందరు కేబిన్‌లోనే స్టవ్వు మీద వంట చేస్తారు. కొందరు ఏసీ కోసం రాత్రంతా ఇంజను ఆన్‌లో ఉంచుతారు. పొగగొట్టానికి చిల్లి పడి ఉంటే ఆ పొగ కేబిన్‌లోకి వస్తుంది.

అందుకే ఈ నియమాలు:

కేబిన్‌లో కుంపటి, పొయ్యి, స్టవ్వు పెట్టకూడదు. వంట బయటే చేయాలి. పడుకునే ముందు నిప్పు ఆర్పేయాలి. చలికి దుప్పటి, స్వెట్టరు, మంకీటోపీ వాడాలి.

ఇంజను ఆపి పడుకోవాలి. పొగగొట్టం బాగుందో లేదో మెకానిక్ చేత చూపించుకోవాలి.

రెండు వైపులా అద్దం రెండు వేళ్ళంత తెరిచి ఉంచాలి. గాలి ఆడాలి. అద్దం తెరిచాం కదా అని కుంపటి పెట్టుకోవచ్చా? పెట్టుకోకూడదు.

గ్యాసు సిలిండరు కేబిన్‌లో తల దగ్గర పెట్టుకోకూడదు. గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గీయకూడదు. స్విచ్చి వేయకూడదు. తలుపులు తెరిచి బయటికి రావాలి.

పక్క లారీలో మనిషి ఎంత పిలిచినా పలకకపోతే ఊరుకోకూడదు. తలుపు తీయాలి. రాకపోతే అద్దం పగలగొట్టాలి. మనిషిని బయటి గాలిలోకి తేవాలి. వెంటనే 108కి ఫోను చేయాలి.

8. దొంగల భయం

లారీలో విలువైనవి చాలా ఉంటాయి. సరుకు ఉంటుంది. ట్యాంకులో డీజిలు ఉంటుంది. బ్యాటరీ, స్టెప్నీ టైరు ఉంటాయి. డ్రైవరు జేబులో దారి ఖర్చుల డబ్బు ఉంటుంది. ఫోను ఉంటుంది. అందుకే దొంగలు లారీల చుట్టూ తిరుగుతారు.

అనుభవం ఉన్న డ్రైవర్లు ఈ జాగ్రత్తలు తీసుకుంటారు:

ఒంటరిగా ఆపరు. తెలిసిన లారీల పక్కన ఆపుతారు.

లారీ వెనక భాగం గోడకు దగ్గరగా వచ్చేట్లు పెడతారు. అప్పుడు వెనక తలుపు తెరవడం, పట్టా కోయడం కష్టం.

డీజిలు ట్యాంకుకు తాళం వేస్తారు. రెండు తలుపులూ లోపల నుంచి లాకు చేస్తారు. తాళంచెవి, టార్చిలైటు చేతికి అందే చోట పెట్టుకుంటారు.

డబ్బు ఒకే చోట పెట్టరు. ఎక్కువ డబ్బు దగ్గర ఉంచుకోరు. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. అద్దానికి అంటించిన చీటీ నుంచే టోలు డబ్బు పోతుంది. డీజిలుకు కూడా ఫోనులో డబ్బు కట్టవచ్చు. కాబట్టి నోట్ల కట్టలు మోయనక్కరలేదు.

క్లీనరు ఉంటే వంతులు వేసుకుంటారు. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకుంటారు.

కొత్తవాళ్ళు ఇచ్చిన టీ, బిస్కెట్లు, కూల్‌డ్రింకు తీసుకోరు. వాటిలో మత్తుమందు కలిపి దోచుకునేవాళ్ళు ఉన్నారు.

ఏ ఊళ్ళో ఆగుతున్నారో, ఏ సరుకు వేసుకున్నారో దారిలో కలిసినవాళ్ళకు చెప్పరు.

"అర్ధరాత్రి ఎవరో తలుపు కొడతారమ్మా. 'నీ టైరు గాలి పోయింది' అంటారు. 'డీజిలు కారుతోంది' అంటారు. వెంటనే దిగకూడదు. లైట్లు వేయాలి. హారన్ కొట్టాలి. అద్దం కొంచెమే దించి మాట్లాడాలి. అనుమానం వస్తే 112కి ఫోను చేయాలి" అన్నాడు బాబాయ్.

"కత్తి చూపిస్తే బాబాయ్?"

"ఇచ్చెయ్యాలి. ఏది అడిగితే అది ఇచ్చెయ్యాలి. డబ్బు పోతే సంపాదించుకుంటాం. సరుకుకు బీమా ఉంటుంది. మనిషి పోతే ఎవరు తెస్తారు? ఈ మాట పెళ్ళాం నోటి నుంచి రావాలమ్మా. ఓనరు తిడతాడేమో, ఇంట్లో డబ్బుకు ఇబ్బంది అవుతుందేమో అని మగవాడు దొంగ మీదికి పోతాడు. 'డబ్బు పోయినా పర్వాలేదు, నువ్వు రా' అని నువ్వు ముందే చెప్పు."

చిన్నక్క ఆ మాట పుస్తకంలో రాసుకుంది. కింద గీత గీసింది.

9. ఎండ, దోమలు

దోమలు కుడితే నిద్ర పట్టదు. మలేరియా, డెంగ్యూ జ్వరాలు వస్తాయి. కొందరు కేబిన్‌లో దోమల చుట్ట వెలిగించి పడుకుంటారు. దాని నిప్పు దుప్పటికి అంటుకోవచ్చు. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. దానికి బదులు అద్దాలకు దోమల జాలీ కట్టుకోవాలి. చిన్న దోమతెర వాడాలి. పాత చీరతో కాదు, నైలాన్ జాలీతో ఇంట్లోనే కుట్టి ఇవ్వవచ్చు.

ఎండాకాలంలో నీళ్ళు ఎక్కువ తాగాలి. సాయంత్రం దాకా ఎండలో నిలిచిన కేబిన్‌ను పడుకునే ముందు తలుపులు తెరిచి చల్లారనివ్వాలి.

2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీలకు కేబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. అంతకు ముందు తయారైన లారీలకు ఈ నియమం లేదు. పాత లారీలు ఇంకా చాలా ఏళ్ళు నడుస్తాయి. కాబట్టి పాత జాగ్రత్తలు మానకూడదు.

10. విశ్రాంతి డ్రైవరు హక్కు

డ్రైవరుకు నిద్ర లేకపోవడం అతని తప్పు మాత్రమే కాదు. "రేపు పొద్దున్నకల్లా సరుకు చేరాలి" అని ఓనరు అంటాడు. "ఆలస్యమైతే కిరాయి కోస్తాం" అని సరుకు యజమాని అంటాడు. డ్రైవరు కళ్ళు నులుముకుంటూ నడుపుతాడు.

1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని ఆ చట్టం చెప్పింది. దూర ప్రయాణాలకు కొంత మినహాయింపు ఇచ్చింది. 5 గంటలు పని చేస్తే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్ అమలులోకి వచ్చింది. అందులోనూ రోజుకు 8 గంటల పని అనే మాట ఉంది.

చట్టం ఉందని తెలిసినవారే అడగగలరు. ఒక్క డ్రైవరు అడిగితే ఓనరు వినకపోవచ్చు. పదిమంది డ్రైవర్లు, వాళ్ళ ఇంటివాళ్ళు కలిసి అడిగితే వినక తప్పదు.

11. ఇంట్లో ఆడవాళ్ళు ఏం చేయవచ్చు?

ఇంటికి వచ్చిన రోజు డ్రైవరును కంటినిండా నిద్రపోనివ్వాలి. బయల్దేరే ముందు రోజు రాత్రి ఫంక్షన్లు, జాగారాలు పెట్టుకోకూడదు.

సంచిలో దుప్పటి, దోమతెర, టార్చిలైటు, నీళ్ళ సీసా, మందులు సర్దాలి.

నడిపేటప్పుడు ఫోను చేయకూడదు. "రాత్రి ఆపాక నువ్వే ఒక్క ఫోను చెయ్యి. ఎక్కడ ఆపావో చెప్పు" అని అడగాలి.

లారీ నంబరు, ఓనరు ఫోను నంబరు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నంబరు ఇంట్లో రాసి పెట్టుకోవాలి. లైసెన్సు నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి.

బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. 18 నుంచి 70 ఏళ్ళ లోపు వారు చేరవచ్చు. 2022 జూన్ నుంచి దీనికి ఏడాదికి 20 రూపాయలు తీసుకుంటున్నారు. ప్రమాదంలో మనిషి చనిపోతే ఇంటివారికి 2 లక్షల రూపాయలు వస్తాయి. ఈ బీమా జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. మే నెలాఖరులో ఖాతాలో 20 రూపాయలు ఉండేట్లు చూసుకోవాలి.

చిన్నక్క ఇంకొక పని చేసింది. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసింది:

లారీ కింద పడుకోవద్దు.
కేబిన్‌లో నిప్పు వద్దు.
అద్దం రెండు వేళ్ళు తెరువు.
కొత్తవాళ్ళ టీ తాగొద్దు.
డబ్బు పోయినా పర్వాలేదు. నువ్వు రా.
పోలీసు 112. అంబులెన్సు 108. హైవే సాయం 1033.

భర్త ఇంటికి వచ్చినప్పుడు ఆ అట్ట చేతికిచ్చింది. అతను ఒక్కో మాట చదివాడు. "ఎవరు రాశారు?" అన్నాడు. "నేనే" అంది చిన్నక్క. అతను ఇంకోసారి చదివాడు. మర్నాడు ఆ అట్టకు చిల్లి పెట్టి, కేబిన్‌లో బల్ల పైన తాడుతో కట్టుకున్నాడు.

కొత్త మాటలు

విషగాలి – పీలిస్తే ప్రాణం తీసే గాలి
విశ్రాంతి – పని ఆపి సేదతీరడం
బీమా – నష్టం జరిగితే డబ్బు వచ్చే ఏర్పాటు
జాతీయ రహదారి – రాష్ట్రాలను కలిపే పెద్ద రోడ్డు

జవాబులు చెప్పండి

1. డ్రైవర్లు లాడ్జిలో కాకుండా లారీలో ఎందుకు పడుకుంటారు?
2. లారీ తీసే ముందు డ్రైవరు ఏం చేయాలి?
3. విషగాలిని మనం ఎందుకు గుర్తుపట్టలేము?
4. "టీ అప్పు లాంటిది" అని బాబాయ్ ఎందుకు అన్నాడు?

తప్పో ఒప్పో చెప్పండి

1. మందు తాగితే అలసట తీరుతుంది.
2. చలి వేస్తే కేబిన్‌లో కుంపటి పెట్టుకోవచ్చు.
3. అద్దం కొంచెం తెరిచి పడుకోవాలి.
4. లారీ వెనక పెట్టిన రాళ్ళు తీసేసి వెళ్ళాలి.

లెక్క చేయండి

ఒక లారీ రోజుకు 300 కిలోమీటర్లు నడుస్తుంది. 1,200 కిలోమీటర్లు పోవడానికి ఎన్ని రోజులు పడుతుంది?

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో లారీ మీద పనిచేసేవారు ఎంతమంది? వాళ్ళు రాత్రి ఎక్కడ పడుకుంటారు? వాళ్ళను అడిగి తెలుసుకోండి. తెలిసిన సంగతులు కేంద్రంలో అందరికీ చెప్పండి.

రాయండి

మీ ఇంట్లోవారు దూర ప్రయాణం చేస్తుంటే వారికోసం ఒక అట్ట రాయండి. అయిదు మాటలు చాలు. కింద మీ పేరు రాయడం మరవకండి.